తొమ్మిది జంట కుండలు

పోయిన వారం హారతిని మనం ఖటోదరాలో, మూతపడిన, నూలుకు రంగులద్దే డైయింగ్ షెడ్డు గుమ్మంలో వదిలి వచ్చాం. కరోనా రెండో విడత సూరత్‌ను ఊడ్చుకుపోతున్న ఏప్రిల్ అది. ఏడాదిగా తాళం పడి ఉన్న ఒక ట్రస్టు మ్యూజియంలో ఆమెది కాంట్రాక్టు ఉద్యోగం. మ్యూజియం సరుకు దాచిన ఆ షెడ్డును ఆక్సిజన్ సిలిండర్ల కోసం ఒక ఆసుపత్రి అడిగింది, ట్రస్టు ఇస్తానంది. ఇక మిగిలింది సలాబత్‌పురాలో ఒక్క గది. అందులో పట్టినవి ఉంటాయి, పట్టనివి పల్సానాలో చైర్మన్ గారు కట్టిస్తున్న మిల్లు పునాదిలోకి పోతాయి. ఏవి ఉంచాలో, ఏవి పారెయ్యాలో తేల్చాల్సింది హారతి. తేల్చేలోపే ఆమెకు జ్వరం వచ్చింది. కులసంఘం హాల్లో పెట్టిన ఐసోలేషన్ వార్డుకు పోతూ పోతూ తల్లి రాజమ్మకు ఒక్క పని ఒప్పజెప్పింది. తాపీ నది ఎగువ దిబ్బలో పురావస్తు పరిశోధకుడు దేశాయి సార్ తవ్వి తీసిన కుండపెంకుల గోనెలు చీకిపోయాయి, వాటిని కొత్త సంచుల్లోకి మార్చండి. అంతే.

జ్వరం తగ్గి తిరిగొచ్చింది. తలుపు తీసింది. తీసినచోటే కూలబడింది.

ఎందుకు కూలబడిందో ఇప్పుడు చెప్పుకోవాలి.

షెడ్డు అద్దంలా ఉంది. నేల కడిగి ఉంది. గోడవారగా కొత్త సంచులు మూతులు విప్పుకుని, అంచులు బయటికి మడుచుకుని, బడిపిల్లల్లా వరసగా నిలబడి ఉన్నాయి. మొదటి సంచుల్లో లేత గోధుమరంగు పెంకులు. వాటి పక్కన ఇటుక ఎరుపు. ఆ పైన ముదురు ఎరుపు, బూడిద, చివరి సంచుల్లో బొగ్గు నలుపు. నూలు దుకాణంలో షేడ్ కార్డు విప్పి బల్ల మీద పరిచినట్టుంది. ఒక్క పెంకు మీద కూడా మన్ను లేదు.

“లేచి చూడు బిడ్డా,” అంది రాజమ్మ, కొంగుతో చేతులు తుడుచుకుంటూ. ఆమె ముఖంలో మెప్పు కోసం ఎదురుచూపు మాస్కు పైనుంచి కూడా కనబడుతోంది. “నువ్వు సంచులు మార్చుమంటివి. మన్ను మన్నుతోని ఎట్ల మారుస్తం? రంగు తొట్లల్ల నానవెట్టి కడిగినం. ఎర్రయి ఎర్రయే, నల్లయి నల్లయే. కొమురవ్వకు కండ్లు మసకలు, గందుకే దానికి నల్లయి అప్పజెప్పిన.”

“మసకలు నీకే,” అంది వెనక నుంచి కొమురవ్వ. రాజమ్మతో పాటు నూలు చుట్టే పనిలో అరిగిపోయిన మనిషి. లూములు బందయి ఇంట్లో కూర్చోలేక వచ్చింది. “నీ ఎర్రటి సంచిలకెల్లి నల్లయి నేను ఏరి తీసిన. బిడ్డ ముందల పేరు మాత్రం నువ్వు కొట్టేస్తున్నవ్.”

హారతి పక్కనున్న సంచిలో చెయ్యి పెట్టి వెతికింది. “చీటీలేవి అమ్మా?”

“ఏం చీటీలు?”

“ప్రతి గోనెల ఒక చీటీ ఉండె. చిన్నది.”

“గవ్వా? పాత లాట్ స్టిక్కర్లు గద. కొత్త సంచికి పాత స్టిక్కర్ ఎందుకని గుంజి పారేసినం. పొయ్యిల పోయినయ్.”

ఇందులో రాజమ్మ తప్పు వెతికేవాళ్ళు ముందు ఆమె చేతులను తెలుసుకోవాలి. పెళ్ళయి కరీంనగర్ జిల్లా నుంచి సూరత్ వచ్చిన నాటినుంచీ ఆ చేతులు నూలే వేరుచేశాయి. ఒక్క నూలు కోన్ షేడ్ తప్పితే చీర మీద అడ్డంగా చార పడుతుంది, సేఠ్ కూలి కోస్తాడు, పదిమందిలో ఉతికి ఆరేస్తాడు. సంచి మారినప్పుడు పాత లాటు స్టిక్కరు పీకి పారెయ్యకపోతే అదో గొడవ. అలాంటి చేతులు ఎరుపునూ నలుపునూ ఒకే సంచిలో పొయ్యలేవు. ఇంకెవరైనా అయితే బద్ధకించి ఉన్నది ఉన్నట్టు కొత్త సంచిలోకి గుమ్మరించి ఇంటికి పోయేవాళ్ళు. ఆ బద్ధకమే ఉండి ఉంటే దిబ్బ బతికేది.

“ఏందే గట్ల చూస్తున్నవ్?” అంది రాజమ్మ. “జ్వరం మల్ల వచ్చిందా?”

“అమ్మా, నేసిన చీర ఒకటి ఉందనుకో. పోగు పోగు గుంజి, ఎర్ర పోగులు ఒక కుప్ప, నల్ల పోగులు ఒక కుప్ప పోసినవనుకో. ఆ చీర మీద ఏం డిజైన్ ఉండెనో మల్ల చెప్తవా?”

రాజమ్మ నవ్వింది. “గట్ల ఎవలు చేస్తరు? చీర ఖరాబ్ గాదా?”

అనేసి ఆగిపోయింది. సంచుల వరస వైపు తిరిగింది. లేత రంగు దగ్గర మొదలుపెట్టి నలుపు దాకా ఆమె చూపు మెల్లగా నడిచి వెళ్ళింది.

“గింత పెద్ద చీరనా బిడ్డా?” అంది రాజమ్మ చివరికి.

హారతి తల ఊపింది. ఏడుపు రాలేదు. వార్డులో పక్క మంచాల మీది మనుషుల కోసం ఏడ్చి ఏడ్చి అది అయిపోయింది.

దేశాయి సార్ ఆ దిబ్బను పొర తర్వాత పొరగా ఒలిచాడు. కింది పొరల్లో వండుకుని తిని, ధాన్యం దాచుకుని బతికిన ఊరు. ఒక పొరలో మాత్రం ఇళ్ళ నేలల కింద పసిపిల్లల సమాధులు. రెండు కుండలు మూతికి మూతి ఆనించి పడుకోబెట్టి, లోపల బిడ్డ. ఒకటి కాదు, తొమ్మిది, ఒకే మట్టం మీద. దాని పై పొరలో ఊరు పలచబడింది, ఆ పైన ఊరే లేదు. “ఏదో జబ్బు వచ్చింది హారతీ. పిల్లలు ముందు పోయారు. మిగిలినవాళ్ళు ఇళ్ళు వదిలేసి లేచిపోయారు,” అనేవాడాయన. ఊరు ఎలా పలచబడిందో చెప్పేవి ఆ పెంకులే. ఏ పొరలో ఏ రకం, ఎన్ని. అవి ఇప్పుడు షేడ్ కార్డు అయిపోయాయి. చెప్పాల్సిన దేశాయి సార్ వెంటిలేటర్ మీద ఉన్నాడు.

హారతి చటుక్కున లేచింది. “కుండలేవి? పిల్లల కుండలు? అవి గూడ కడిగిండ్రా?”

రాజమ్మ ముందు నడిచింది.

షెడ్డు చివర కలర్ రూమ్ ఉంది. ఒకప్పుడు రంగుల పొడి ఎండ తగలకుండా పెట్టేవాళ్ళు. ఎండాకాలంలో కూడా ఆ గది చల్లగా ఉంటుంది. గోడల సున్నం మీద గులాబి, నీలం మరకలు ఇంకా పోలేదు. తడిపి పిండిన గోనెపట్టాల మీద తొమ్మిది జంట కుండలూ వరసగా ఉన్నాయి. దేశాయి సార్ మట్టితో సహా పెకలించి, గుడ్డ చుట్టి, తాళ్ళు కట్టి తెచ్చినవి ఎలా తెచ్చాడో అలాగే. ఒక్కో మూట ముందు చిన్న ముంతలో నీళ్ళు.

“ముట్టలే,” అంది రాజమ్మ. “ఎవ్వలను ముట్టనియ్యలే.”

“పిల్లలంట గదా, బిస్కెట్లు పెడ్దామన్న,” అంది కొమురవ్వ గుమ్మంలోంచి. “చీమలొస్తయని మీ అమ్మ నా మీద ఒర్రింది.”

“ఎందుకు ముట్టనియ్యలేదమ్మా?”

రాజమ్మ ఒక మూట మీద జారిన గుడ్డను సర్దింది. “మనింట్ల మట్టిల పెడ్తరు. మీ తాతను పెట్టినం, మీ పెద్దనాయినను పెట్టినం. పోయినేడు కరోనాల మీ నాయిన ఆటోల దవాఖానకు పోయిండు. మల్ల ఫోనే వచ్చింది. ఏడ కాలవెట్టిండ్రో, ఏ బూడిదల కలిపిండ్రో నాకు తెల్వదు. పెద్దమాసకు పెద్దల పేర బియ్యం ఇద్దామంటే యే దిక్కు తిరిగి మొక్కాల్నో తెల్వలే.” ఆమె గొంతు మామూలుగానే ఉంది. “గీ పోరగాండ్లు నయం. వాళ్ళ తల్లులు పండవెట్టిన తీరుగనే పన్నరు. గందుకే ఒక్క తాడు ముడి గూడ ఇప్పనియ్యలే. కడుగుడు అసలే లేదు.”

హారతి మోకాళ్ళ మీద కూర్చుని మూట అంచు ఒకటి పైకెత్తి చూసింది. కుండ చుట్టూ నాటి నేల ఉన్నది ఉన్నట్టుంది. అలికిన నేల పెచ్చు, దాని కింద బూడిద గీత, దాని కింద నల్లమట్టి. కడిగి, ఏరి, అందంగా సర్దినవన్నీ మూగవైపోయాయి. భయంతో, భక్తితో పక్కన పెట్టినవే ఇంకా మాట్లాడగలవు. పెంకులు ఎలాగూ పోయాయి. ఈ తొమ్మిదీ పోతే, ఆ ఊరు ఉండేదని, అక్కడ పిల్లలు చచ్చిపోయారని చెప్పడానికి ఇక ఏమీ మిగలదు.

బయట రామమోహనరావు కారు ఆగిన చప్పుడైంది.

రామమోహనరావుది భీమవరం దగ్గర పల్లె. హజీరాలో ఒక పెద్ద ఫ్యాక్టరీలో మేనేజరుగా చేసి రిటైరయ్యాడు. సూరత్ వదిలిపోలేక, ఊరికే కూర్చోలేక ట్రస్టుకు గౌరవ కార్యదర్శి అయ్యాడు. హారతికి ఉద్యోగం ఇప్పించింది ఆయనే. మనవాళ్ళ పిల్ల, ఇంట్లో మొదటి డిగ్రీ అని గర్వంగా అందరికీ చెప్పేవాడు.

“ఏమ్మా, ఒంట్లో ఎలా ఉంది?” అంటూ వచ్చి సంచుల ముందు ఆగాడు. “భలే సర్దారే! ఎవరి పని ఇది?”

“మా అమ్మ సార్,” అంది హారతి. తర్వాత జరిగిందంతా చెప్పింది. దాచడానికి ఏమీ మిగల్చలేదు.

ఆయన కళ్ళద్దాలు తీశాడు. ఊపిరికి మసకబారిన అద్దాలను చొక్కా అంచుతో తుడిచాడు. చాలాసేపు తుడిచాడు.

“ఒక రకంగా మేలే జరిగిందమ్మాయ్,” అన్నాడు.

“సార్?”

“కమిటీ రూలు నీకు తెలుసు. ఎక్కడిదో, ఏ పొరదో తెలియని వస్తువుకి మ్యూజియంలో చోటు ఇవ్వక్కర్లేదు. ఇప్పుడు వీడియో కాల్ ఉంది. చైర్మన్ గారు నిన్ను అడిగేది ఒక్కటే, ఈ పెంకులు ఎప్పుడు కలిసిపోయాయని. దేశాయి గారి దగ్గర్నుంచి వచ్చినప్పుడే కలగలిసి ఉన్నాయని చెప్పు. అయిపోతుంది.”

“ఆయన వెంటిలేటర్ మీద ఉన్నారు సార్.”

“అందుకే చెబుతున్నాను. ఆయనకి ఇప్పుడు ఏ నొప్పీ తెలియదు.”

ఆ మాట అన్నాక ఆయనకే ఎలాగో అయినట్టుంది. గొంతు తగ్గించాడు. “చూడమ్మా, మన చేతుల్లో పాడయ్యాయంటే ఎంక్వైరీ అంటారు. అది తేలేదాకా షెడ్డులోంచి పుల్ల కదపనివ్వరు. అప్పటిదాకా సిలిండర్లు రోడ్డు మీద పెట్టుకోవాలా? మా ఆవిడ అనంతలక్ష్మిని కారు వెనక సీట్లో పడుకోబెట్టుకుని ఊరంతా తిరిగాను. ఏ గేటు దగ్గరికెళ్ళినా చెయ్యి ఊపేవాళ్ళే. మంచం దొరికేసరికి మనిషి మాట్లాడ్డం మానేసింది. ఇంకా మాట రాలేదు. నీ పెంకుల కోసం ఇంకొకడు అలా తిరగాలంటావా?”

హారతి తల అడ్డంగా ఊపింది.

“మీ అమ్మగారి పేరు కూడా బయటికి రాదు,” అన్నాడాయన మెత్తగా.

“పెంకులు తీసుకుపొండి సార్,” అంది హారతి. “పొర పోయాక వాటిని ఉంచమని నేను కూడా అడగలేను. కానీ ఈ కుండలు ఉండాలి.” ఆయన్ని కలర్ రూమ్‌లోకి తీసుకువెళ్ళి చూపించింది.

ఆయన గుమ్మం దాటలేదు. చెప్పులు విడిచి అక్కడే నిలబడ్డాడు. “మట్టి మూటలమ్మా ఇవి. చూడ్డానికి వచ్చేవాళ్ళకి ఏం కనబడుతుంది? సలాబత్‌పురా గదిలో సూది పెట్టే సందు లేదు. చైర్మన్ గారి నాన్నగారు సేకరించిన దేవతా విగ్రహాలే సగం గది. ఇవి రావాలంటే ఏదో ఒకటి తియ్యాలి. ఏం తీస్తావు?”

ఇంతలో ఆయన జేబులో ఫోను మోగింది.

తెరమీద నాలుగు చతురస్రాలు. ఒకదాంట్లో ఎవరిదో నుదురు. ఒకదాంట్లో చీకటి. ఒకదాంట్లో రామమోహనరావూ హారతీ. చైర్మన్ జయంతిభాయ్ ఫోను బల్ల మీద వెల్లకిలా పెట్టేశాడు కాబోలు, ఆయన ఉండాల్సినచోట సీలింగ్ ఫ్యాను తిరుగుతోంది. పెంకులు కలిసిపోయాయని రామమోహనరావు రెండు ముక్కల్లో చెప్పాడు. ఆ ఫ్యానే హిందీలో మాట్లాడింది. బేటా, ఒంట్లో బాగుందా, మంచిది, టైము లేదు, ఆ పెంకులు మన దగ్గరికి వచ్చినప్పుడే కలిసిపోయి ఉన్నాయా?

రామమోహనరావు హారతి వైపు చూడలేదు. గోడ వైపు చూశాడు.

“లేదు సార్,” అంది హారతి. “పొరలవారీగా, చీటీలతో సహా వచ్చాయి. దేశాయి సార్ లోపం ఏమీ లేదు. మా చేతుల్లో కలిసిపోయాయి. చీటీలు ఎందుకో చెప్పకుండా పని అప్పగించి వెళ్ళాను. తప్పు నాది.”

“నహీ సేఠ్!” రాజమ్మ గొంతు ఖంగుమంది. ఎప్పుడొచ్చిందో కూతురి భుజం పక్కకి వచ్చి ఫోనులోకి వంగింది. ఫ్యానుకు దండం పెట్టింది. “బేటీ నహీ థీ. హమ్ ధోయా. హమ్ అలగ్ కియా. ఉస్‌కో మత్ బోలో.” బిడ్డ అప్పుడు లేదు, కడిగి వేరుచేసింది మేమే, దాన్ని ఏమీ అనొద్దు అని.

నుదురు గల పెద్దమనిషి ఏదో గుజరాతీలో గొణిగాడు. తర్వాత జయంతిభాయ్ తీర్పు చెప్పాడు. కోపంగా చెప్పలేదు, కూరగాయల బేరం ముగించినట్టు చెప్పాడు. అమ్మాయి ఒప్పుకుంది కనుక ఎంక్వైరీ అక్కర్లేదు. పెంకులు పల్సానాకు. అమ్మాయి కాంట్రాక్టు ఇవాళ్టితో సరి. షెడ్డు ఖాళీ చెయ్యండి. ఇంకేమైనా ఉందా?

“ఉంది సార్,” అంది హారతి.

ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆమెకు తెలియదు ఆ ధైర్యం. ఉద్యోగం ఉన్నంతకాలం ఆ ఫ్యాను ముందు కూడా నిటారుగా నిలబడ్డ పిల్ల కాదు. “ఎక్కడిదో తెలియని వస్తువు ఉంచొద్దన్నది మన రూలు. తొమ్మిది సమాధులున్నాయి. అవి ఏ పొరవో, ఏ నేల కిందివో వాటి మట్టే చెబుతుంది. వాటికి చోటు లేదంటున్నారు. మీ నాన్నగారి విగ్రహాలు ఎక్కడ దొరికాయి సార్?”

“దొరకడమేమిటి? కొన్నాం. బజార్లో.”

“బజారుకు ఎక్కణ్ణుంచి వచ్చాయి?”

ఫ్యాను తిరుగుతోంది.

“ఏ గుడివి? ఏ ఊరివి? ఎవరు పెకలించారు? ఒక్కదాని గురించైనా తెలుసా సార్? రూలు ప్రకారం గదిలోంచి ముందు పోవాల్సినవి ఏవి?”

ఫ్యాను చతురస్రం నల్లబడింది. జయంతిభాయ్ ఫోను పెట్టేశాడు. మిగతా చతురస్రాలు కూడా ఒకదాని వెనక ఒకటి జారిపోయాయి.

“సేఠ్‌కు కోపమొచ్చిందా?” అంది కొమురవ్వ. “ఫోన్‌ల ఆయన ముఖం సూపియ్యకనే పాయె. నువ్వు ఎవలతోని కొట్లాడినవో జర నాకు చూడాలనుండె.”

రామమోహనరావు ఫోను జేబులో పెట్టుకున్నాడు. “ఉద్యోగం పోయాక అడిగావు. ముందు అడిగి ఉండాల్సింది.”

“ముందు ధైర్యం లేదు సార్.”

“నాకూ లేదులే.” ఆయన విడిచిన చెప్పులు మళ్ళీ వేసుకున్నాడు. “ఆ విగ్రహాలు వచ్చినప్పుడు పూలదండ వేసి ఫోటో దిగినవాణ్ణి నేనే. ఎక్కడివని నేనూ అడగలేదు.” జేబులోంచి తాళం చెవి తీశాడు. “ఫోను పెట్టేశారు. కానీ వద్దని మాత్రం అనలేదు. సలాబత్‌పురా గది తాళం ఇదిగో, నా దగ్గరే ఉంది. విగ్రహాలు వరండాలోకి జరిపిద్దాం. తర్వాత తిట్లు ఎలాగూ నాకే. టెంపో వాణ్ణి ముందు ఈ కుండలు ఎక్కించుకోమను.”

పల్సానా టెంపో ముందొచ్చింది. ఆడవాళ్ళు తాము ముచ్చటపడి సర్దిన సంచులను తామే మోసి దాంట్లో గుమ్మరించారు. లేత రంగు, ఎరుపు, నలుపు అన్నీ కలిసి టెంపో నిండా ఒకటే కుప్ప అయింది. పెంకు మీద పెంకు పడే చప్పుడు. రాజమ్మ ఒక్కో సంచి దులిపినప్పుడల్లా కళ్ళు మూసుకుంది. గుప్పెడు పెంకులు తీసి దాచుకోవాలని హారతి చెయ్యి ముందుకు వెళ్ళింది. ఏ పొరవో తెలియని గుప్పెడు పెంకులతో ఏం చేస్తుంది? చెయ్యి వెనక్కి తీసుకుంది. బండి వెళ్ళిపోయింది. దేశాయి సార్ జీవితం పునాదిలోకి వెళ్ళిపోయింది. ఉంచడం కంటే వదలడం కష్టమని ఏ చదువూ ఆమెకు ముందే చెప్పలేదు.

రెండో టెంపోలోకి కుండలు ఎక్కిస్తున్నప్పుడే ఆసుపత్రి బళ్ళు వచ్చాయి.

మొదటి దాంట్లోంచి తెల్ల తొడుగుల మనుషులు దిగారు. వెనక తలుపు తీసి పొట్టు అంటుకున్న మంచు దిమ్మలు దించడం మొదలుపెట్టారు. ఒకటి, ఇంకొకటి. వాటిని ఈడ్చుకుంటూ నేరుగా లోపలికి, కలర్ రూమ్ వైపు పోయారు. కడిగిన నేల మీద నీళ్ళ చారలు పడ్డాయి.

“సిలిండర్లేవి?” అంది కొమురవ్వ. “ఐస్ ఎందుకే?”

ఎవరూ చెప్పలేదు. రెండో బండి తలుపు తీసినప్పుడు అడగాల్సిన అవసరం కూడా లేకపోయింది. పొడుగ్గా, తెల్లగా, జిప్పు వేసిన సంచులు. ఒకదాని మీద ఒకటి.

రామమోహనరావు రెండడుగులు ముందుకు వేసి ఆగిపోయాడు. “ఆక్సిజన్ అన్నారే. నాతో ఆక్సిజన్ అనే చెప్పారే!”

తొడుగులోని మనిషి విసుగ్గా కాదు, అలసటగా జవాబిచ్చాడు. శ్మశానాల్లో లైను ఉంది సాబ్. శవాలు కాల్చే కొలుములు కరిగిపోతున్నాయి. వంతు వచ్చేదాకా ఎక్కడో ఒకచోట పెట్టాలి కదా. చల్లటి గది ఉందని చెప్పారు.

ఎవరి ఊపిరి కోసమైతే ఆయన హారతిని అబద్ధమాడమన్నాడో ఆ ఊపిరి ఈ బళ్ళలో ఎక్కడా లేదు. రామమోహనరావు ముఖం తిప్పుకున్నాడు. రాజమ్మ మాత్రం ఆ సంచుల వంకే చూస్తోంది. పోయిన ఏడు తనను దగ్గరికి రానివ్వని దృశ్యం అది. ఇప్పుడు కళ్ళముందే దిగుతోంది. ఆమె పెదాలు కదులుతున్నాయి. పేరు తెలియని ఎవరికో ఏదో చెబుతోంది.

“అమ్మా, పట్టు,” అంది హారతి. చివరి మూటను ఇద్దరూ చెరోవైపు ఎత్తి టెంపోలో పెట్టారు. రాజమ్మ ఎక్కి మూటల మధ్య కూర్చుంది, బండి కుదిపితే ఆపడానికి రెండు చేతులూ చాపుకుని.

టెంపో గేటు దాకా వెళ్ళి ఆగింది. గేటు మూసి ఉంది. ఇందాకటిదాకా లేని కానిస్టేబుల్ ఇప్పుడు దానికి అడ్డంగా కుర్చీ వేసుకున్నాడు. వయసు మళ్ళినవాడు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. లేచి వచ్చి బండి వెనక్కి తొంగి చూశాడు.

“ఏమిటివి?” హిందీలో అడిగాడు.

“మ్యూజియం సామాను,” అంది హారతి.

“మీరు మ్యూజియం వాళ్ళా?”

పొద్దున అయితే అవుననేది. ఆమె తడబడడం చూసి అతను లాఠీ కొసతో ఒక మూట మీది గుడ్డ తొలగించాడు. కుండ అంచు పగులులోంచి, మట్టి లోపల, సన్నగా, తెల్లగా ఏదో కనబడింది. లాఠీ వెంటనే వెనక్కి వచ్చింది.

“ఈ క్షణం నుంచి ఇది శవాల గోదాము బెన్,” అన్నాడు గుజరాతీలో చెల్లీ అని పిలుస్తూ. “సాబ్ ఆర్డరు. మనిషి అన్నది, శవం గానీ ఎముక గానీ, పోలీసు పాసు లేకుండా ఈ గేటు దాటదు. దొరికితే లోపల మిగతావాళ్ళ పక్కనే పెట్టేస్తాం, వంతు వస్తే అందరితో పాటు శ్మశానం కొలిమిలోకి పోతుంది. మట్టి అయితే పొండి, నాకేం.” అతను కళ్ళు నులుముకున్నాడు. “చెప్పండి. ఇందులో మనిషి ఉన్నాడా, లేడా?”

“మట్టి అని చెప్పమ్మా,” అన్నాడు వెనక నుంచి రామమోహనరావు తెలుగులో, కానిస్టేబుల్‌కు అర్థం కాదన్న ధైర్యంతో, తొందరగా. “ఒక్క మాట. మట్టి. బండి వెళ్ళిపోతుంది.”

మూటల మధ్య కూర్చున్న రాజమ్మ తల పైకెత్తింది.

“బిడ్డా,” అంది, “పిల్లలు లేరంటవా?”

కానిస్టేబుల్ ఇద్దరి ముఖాలూ చూశాడు. భాష తెలియకపోయినా ఏదో నలుగుతోందని అర్థమైనట్టుంది. గేటు గడియ మీద చెయ్యి వేసి, తియ్యకుండా, హారతి వైపు తిరిగాడు.

“బోలో బెన్.”

హారతి మాస్కు కిందికి లాగింది. ఏం చెప్పిందో వచ్చే వారం చెప్పుకుందాం.